పంచు సంతకం

నాయినా,

ముందు అన్నం తిను, తిన్నాకే ఇది చదువు. బెండకాయ వేపుడు చల్లారితే నువ్వు ముట్టవు. ఒకే ఇంట్లో ఉంటూ టిఫిన్ డబ్బాలో ఉత్తరం పెట్టడమేమిటని నవ్వుకోకు. ఇంట్లో అడిగితే అమ్మ వింటుంది. ఫోన్‌లో పంపుదామంటే, నీ ఫోన్ పంక్చర్ షాపు దగ్గర ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేను. అసలు సంగతి, నీ ముఖం చూస్తూ అడిగే ధైర్యం నాకు లేదు.

నిన్న నేను ఎల్‌బీ నగర్ కోర్టుకు వచ్చాను. మా క్రిమినల్ జస్టిస్ డిగ్రీలో చివరి ఏడాది పిల్లలు విచారణ చూసి రాయాలి. సంధ్యారాణి మేడమ్ మమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కించి తీసుకొచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నాం. అది గంజాయి కేసు. ఆటో నడిపే కృష్ణ అనే అబ్బాయి బోనులో నిలబడ్డాడు. తర్వాత సాక్షిని పిలిచారు. పెళ్లిళ్లకు వేసుకునే నీలం చొక్కాలో నువ్వు వచ్చావు.

పోలీసులు సోదా చేసేటప్పుడు పక్కన నిలబడి, కళ్లతో చూసి సంతకం పెట్టే మామూలు మనుషులను పంచులంటారని మాకు మొదటి ఏడాదే చెప్పారు. పోలీసుల మాటను కోర్టులో నిలబెట్టేది పంచు మాటేనని నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నువ్వు జడ్జిగారి వైపు చూసి, "సరూర్‌నగర్ చెరువుకట్ట మీద, నా కండ్ల ముందలనే ఆటో సీటు కిందికెళ్లి పాకెట్లు తీసిన్రు సార్" అన్నావు. ఎక్కడా తడబడలేదు. ఇలా చాలాసార్లు చెప్పినవాడిలా చెప్పావు. మేడమ్ నా చెవిలో, ఈ సాక్షి మాటలు బాగా రాసుకో అన్నారు. ఆయన మా నాయిన అని నేను చెప్పలేదు. దానికి నా మీద నాకే కోపంగా ఉంది.

కృష్ణ తరఫు లాయరు ఆ సోదా జరిగిన తేదీ, సాయంత్రం టైమూ గట్టిగా చదివాడు. అది నేను కాలేజీలో చేరిన రోజు నాయినా. ఆ సాయంత్రం నువ్వు చెరువుకట్ట మీద లేవు. నాకు సీటు వచ్చిందని కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో కొబ్బరికాయ కొట్టావు. వాన పట్టుకుంటే చీకటి పడేదాకా అక్కడే ఆగిపోయాం. నా కొత్త బ్యాగు తడవకుండా నీ కండువా కప్పావు. దొంగల చదువు చదివిస్తున్నావా బావా అని మహేందర్ మామ వెక్కిరిస్తే, నా బిడ్డ ఎస్సై అయితదన్నావు.

ఆ కృష్ణ అప్పటినుంచి జైల్లోనే ఉన్నాడు. నీ మాట నిలబడితే ఇంకా ఏళ్లకేళ్లు ఉంటాడు. ఆ సంగతి నీకు తెలుసా? తెలిసే చెప్పావా? జవాబు డబ్బాలోనే పెట్టు.

నీ బిడ్డ,
అలేఖ్య

* * *

నాయినా,

నువ్వు జవాబు పెట్టలేదు. డబ్బా కడిగి పంపించావు. ఇన్నేళ్లలో నువ్వు డబ్బా కడగడం ఇదే మొదటిసారి, అమ్మ కూడా వింతపడింది. ఇంట్లో నన్ను చూడగానే టీవీ పెడతావు. టీవీ చూస్తున్నట్టు కూర్చుంటావు, టీవీలో ఏం వస్తుందో నీకు తెలియదు.

నేను నిన్న కాలేజీకి పోతూ నీ షాపు దగ్గర దిగాను. నువ్వు లారీ కింద దూరి టైరు విప్పుతున్నావు. రోడ్డుకు అటువైపు, నీ పాత టైర్ల కుప్ప మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పూలమ్మే అండాలమ్మ చెప్పింది, ఆమె కృష్ణ తల్లి యాదలక్ష్మట. కోర్టు అయినప్పటినుంచి పొద్దున వచ్చి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంటుందట. తిట్టదు, ఏడవదు, నిన్నే చూస్తుంది. నన్ను చూసి నీళ్లడిగింది. సీసా ఇచ్చాను. తాగి మూత పెట్టి, "మీ నాయిన మంచోడని అందరంటున్నరు బిడ్డా. మరి మా పిల్లగాడిని యాడ జూసిండు?" అని అడిగింది. నేను సీసా తీసుకోకుండానే వచ్చేశాను.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో హెడ్ కానిస్టేబుల్ వెంకటేశ్వరరావు గారు నా పక్కన బండి ఆపారు. నీ షాపులో చాయ్ తాగే ఆయనే. చాలా మర్యాదగా మాట్లాడారు. "క్రిమినల్ జస్టిస్ చదువుతున్నావటగా అమ్మా. మంచి చదువే. పుస్తకంలో ఉన్నంత వరకు చదువుకో, చాలు" అన్నారు. నేను ఎక్కే బస్సు నంబరు ఆయనే చెప్పి, అది వచ్చేదాకా నిలబడ్డారు. నేను ఆయనకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. నా మొదటి ఉత్తరం ఆయన చూశారా నాయినా?

నాకు భయంగా ఉంది. ఇవాళ బస్సులో ఎక్కినవాళ్లందరి ముఖాలూ చూశాను. అందుకే ఒకటి నిర్ణయించుకున్నాను. నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఈ చదువు కూడా మానేస్తాను. మన తుర్కయంజాల్‌లోనే ఏదైనా బట్టల షాపులో పనికి కుదురుతాను. పంచుల గురించి చదివి మళ్లీ నీ పక్కన కూర్చుని అన్నం తినడం నావల్ల కాదు. నువ్వు లేకుండా బతకడం అంతకన్నా కాదు. నా ఉత్తరం చింపెయ్. ఇదీ చింపెయ్.

నీ
అలేఖ్య

* * *

బిడ్డా అలేఖ్యా,

నాకు నీ లెక్క మంచిగ రాయరాదు. మాట్లాడినట్టే రాస్తున్న. నీ ఉత్తరాలు చింపలే. ఎవ్వరికి చూపియ్యలే. రెండూ నా జేబులనే ఉన్నయి. వెంకటేశ్వరరావు సార్ కోర్టుల నిన్ను జూసిండంట, అంతే.

మనం నల్లగొండ ఇడిచి ఈడికొచ్చినప్పుడు ఫుట్‌పాత్ మీద పంచర్లేసే డబ్బా పెట్టుకున్న. మున్సిపాలిటోళ్లు ఎత్తేస్తమని వచ్చిన్రు. వెంకటేశ్వరరావు సార్ అడ్డం నిలవడి ఆపిండు. తెల్లారి ఒక కాగితం తెచ్చి సంతకం చెయ్ శేఖర్ అన్నడు. ఏందని అడగలే. ఈ సడక్ మీద షాపులోళ్లం అందరం చేసేదే గదా అనుకున్న. అట్ల ఎన్ని చేసిన్నో నాకే తెల్వది. కోర్టుకు పిలిస్తే ఏం చెప్పాలెనో సారే నేర్పుతడు.

గుడి కాడ వాన పడ్డనాడు ఫోనొచ్చింది, యాదికుందా? రేపొచ్చి సంతకం పెట్టు అన్నడు. నీకు ప్రసాదం పెట్టుకుంట సరే సార్ అన్న. కృష్ణ మొఖం నేను కోర్టులనే మొదలు జూసిన. నన్ను జూసి ఆ పిల్లగాడు దండం పెట్టిండు. అది నువ్వు జూడలే.

నిన్న యాదలక్ష్మి కాడికి పోయిన. మీ వకీలు యాడుంటడమ్మా అనడిగిన. ఇయ్యాల వాయిదా ఉండె, ఆ వకీలు జడ్జిగారిని అడిగి నన్ను మళ్ల బోను ఎక్కిచ్చిండు. నేను చూడలే సార్, చెరువుకట్ట మీదికే పోలే అన్న. జడ్జిగారు నన్ను జూసి, "అప్పుడు అబద్ధం చెప్పినవ్, ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?" అన్నడు. నా మాట ఎవరు నమ్ముతరు బిడ్డా? అందుకే ఆనాడు గుడి కాడ నాతోటి ఉన్నవని నీ పేరు చెప్పిన.

నీకు సమన్లొస్తయి. భయపడకు. గుడి కాడ జూసింది జూసినట్టు చెప్పు. నువ్వు నిజం చెప్తే, అబద్ధపు సాక్ష్యం చెప్పిన్నని నామీద కేసు పడ్తది, వకీలు ముందుగాలనే చెప్పిండు. పడనియ్. నన్ను కాపాడాలని ఒక్క మాట మార్చినవో, నువ్వు నా లెక్కనే అయితవ్. చదువు బందు చెయ్యకు. ఒక్కదానివి బస్సెక్కకు, మీ మేడమ్‌కు అంతా చెప్పి ఆమె తోటే కోర్టుకు రా.

సార్ బండి షాపు ముందలనే ఆగింది. ఇంకా ఇద్దరు పోలీసోళ్లొచ్చిన్రు. చాయ్ తాగుతున్నడు, తొందరేం లేదంటున్నడు. అందుకే డబ్బా అండాలమ్మకిచ్చి పంపుతున్న. నేను ఇంటికి రాకుంటే అమ్మకు నువ్వే నెమ్మదిగ చెప్పు. ఈ ఉత్తరం మాత్రం దాచిపెట్టి, కృష్ణ వకీలుకియ్యి.

కింద సంతకం పెట్టిన. ఇన్నేండ్లల్ల రాసింది మొత్తం చదివి పెట్టిన సంతకం ఇదొక్కటే.

మీ నాయిన
శేఖర్