ఎరుపు పట్టీ, నీలం పట్టీ

కుస్తీ సంఘం కార్యదర్శి గారికి,

ఫైనల్‌ను మధ్యలో ఎందుకు ఆపారని మీరు అడిగితే మావారు "తప్పు నాదే" అని ఒక్క ముక్క రాసి పంపారు. ఇరవై ఏళ్లుగా రెఫరీగా ఉన్న మనిషి గురించి ఆ ఒక్క ముక్క చాలదు. ఆయనకు చెప్పకుండా మిగతాది నేను రాస్తున్నాను.

కుస్తీ పట్టిన రోజుల్లో దెబ్బతిన్న భుజం ఆయనది. వీధిలో మంచాన పడ్డవాళ్లను ఆస్పత్రికి మోసుకెళ్లడానికి పనికొస్తుంది గాని, సొంత మణికట్టుకు పట్టీ కట్టుకోవాలంటే మాత్రం మొరాయిస్తుంది. అందుకే పోటీకి ముందు నేనే కడతాను, ఎడమచేతికి ఎరుపు, కుడిచేతికి నీలం. ఆ రోజు కంగారులో ఎదురుగా నిలబడి, నా ఎడమవైపే ఆయన ఎడమ అనుకున్నాను.

ఎరుపు బట్టల కుర్రాడు అవతలివాణ్ణి పడగొట్టాడు. పాయింట్లు ఎరుపుకని చూపడానికి ఈయన అలవాటు కొద్దీ ఎడమచెయ్యి ఎత్తారు. దానికి ఉన్నది నీలం పట్టీ కాబట్టి, బల్ల దగ్గర లెక్క రాసేవాళ్లు పాయింట్లు నీలం కుర్రాడికి వేశారు. ఈయన చేతులు చూసుకుని, ఈల వేసి ఆట ఆపారు. హాలంతా గోల చేస్తున్నా ఇద్దరు కుర్రాళ్లకూ క్షమాపణ చెప్పి పాయింట్లు మార్పించారు. నా ఊసే ఎత్తలేదు.

ఇంటికొచ్చాక నేను ఏడిస్తే, "కట్టింది నువ్వే. చూసుకోవాల్సింది నేను కదా" అన్నారు.

శిక్ష వేస్తే వేయండి. కాకపోతే, ఎవరూ కనిపెట్టకముందే ఆయనే చెప్పారని కూడా మీ కాగితాల్లో రాయండి.

ఈ ఉదయం మా వీధి పిల్లల పోటీలకు బయల్దేరుతుంటే, ఇంకెవరిచేతనైనా కట్టించుకోమన్నాను. వినిపించుకోకుండా రెండు చేతులూ నా ముందుకే చాచారు. ఈసారి పక్కన నిలబడి కట్టాను.

ఇట్లు,
పట్టీలు కట్టిన మనిషి