పెత్రమాస బియ్యం

నాయనమ్మా,

పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య, నువ్వు పోయాక వచ్చిన మొదటి పెత్రమాస ఇది. నిన్న యూనివర్సిటీ లైబ్రరీలో పాత మిలిటరీ పెన్షన్ కాగితాలు వెతుకుతుంటే మీ నాయన పేరు కనిపించింది. నువ్వు పుట్టిన ఏడాదే బర్మా యుద్ధంలో చనిపోయాడట. పెన్షన్ తీసుకున్నట్టు కింద మీ అమ్మ వేలిముద్ర ఉంది. ఆమెకు అంతా తెలుసు. తెలిసీ, "మీ నాయిన వస్తడు బిడ్డా" అని నీతో చెబుతూనే బతికింది. అది నమ్మే నువ్వు ఏ పెత్రమాసకూ ఆయన పేరు మీద బియ్యం ఇవ్వనివ్వలేదు.

ఈరోజు తార్నాక గుడి దగ్గర అయ్యగారికి నీ పేరున బియ్యం ఇచ్చాను.

"ఇంకెవరి పేరు మీదన్నా ఇచ్చేదున్నదా అమ్మా?" అని అడిగారు.

మీ నాయన పేరున ఇద్దామని తెచ్చిన బియ్యం నా సంచిలోనే ఉంది.

"లేదు," అన్నాను. "ఆయన వస్తడు."