బావగారి లాప్‌టాప్ కింద నా పుస్తకాలు

బావగారికి నమస్కారం.

మీ ఎదుట నిలబడి ఇదంతా చెప్పలేను. మీ తమ్ముడితో చెప్పించడం ఇష్టంలేక నేనే రాస్తున్నాను.

మెడ నొప్పని మీ బరువైన లాప్‌టాప్ కింద నా పదో తరగతి పుస్తకాలన్నీ పేర్చారు. అడిగితే, "నువ్వు చదివి ఎవర్ని ఉద్ధరించాలమ్మా? అక్కడే ఉండనీ" అని నవ్వారు.

నిన్న దుకాణానికి వెళ్లి స్టాండు కొన్నాను. సన్నవి అరచేత్తో నొక్కితే ఊగాయి. అడుగు వెడల్పుగా, లాప్‌టాప్ జారకుండా ముందు అంచు పైకి వంచి ఉన్న ఇనుపది తెచ్చాను. మీరెంత గట్టిగా టైపు చేసినా కదలదు.

పుస్తకాలు తీసేసుకున్నాను. లెక్కల పుస్తకం అట్ట నలిగింది, లోపల లెక్కలు బాగానే ఉన్నాయి. పరీక్ష రాస్తాను. తప్పితే మళ్లీ రాస్తాను.

స్టాండు నచ్చకపోతే మీ డిగ్రీ పుస్తకాలు పెట్టుకోండి. నావి ఇవ్వను.

మీ మరదలు