ఎనభై రెండో గడి

తెందో,
జూన్ 18

తమ్ముడు కియొహారుకు అక్క తోమొయె రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను. ప్రతి ఆదివారం తొమ్మిదింటికి టీవీలో రచయితగా నీ పేరు పడుతూనే ఉంది, నీకేం రోగం! చెర్రీలు కోతకొచ్చాయి. ఈ ఏడు నీకు పంపడం లేదు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది నా మోకాలు. మెట్లెక్కేటప్పుడు పీకుతోంది, ఇన్నాళ్ళకు అడిగినందుకు సంతోషం. రెండోది, చివరి భాగం షూటింగుకు నాన్న షోగి చదరంగం బల్ల, ఆ ఎనభై ఒక్క గళ్ళది. ఇవ్వను. మూడోదానికి తర్వాత వస్తాను. ముందు నా కడుపుమంట విను.

ఆ "ఎనభై రెండో గడి" సీరియల్లో హంతకురాలికి నా ముఖమే దొరికిందా నీకు? ఎడమ చెంప మీద పుట్టుమచ్చతో సహా దించేశావు. ఆవిడ షోగి పావులు చెక్కుతుందట. తండ్రి చావుబతుకుల్లో ఉన్న సంగతి తమ్ముడికి తెలియకుండా దాచిందట. చివరికి ఆ తమ్ముడికే టీలో విషం పెట్టిందట. ఊరు ఊరంతా పావులు చెక్కుకునే బతుకుతోంది కదరా, ఎవరి గురించి రాశావో ఇక్కడ ఎవరికి తెలియదు? సోమవారం ఊరగాయల కొట్టుకు వెళ్తే ఇసోనోగారు నన్ను చూసి, "రా తల్లీ రా, మా ఇంట్లో మాత్రం టీ పెట్టకు!" అని పగలబడి నవ్వింది. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాల్సొచ్చింది.

"అయినా మీవాడికి నీ మీద ఇంత కసేంటే?" అందావిడ. "వాడి ఆట చెడకూడదనే కదా నువ్వు చెప్పకుండా దాచావు. వాడి మంచికేగా! నేనెవరితోనైనా అంటాను ఆ మాట."

దోసకాయ ఊరగాయ పొట్లం తీసుకుని, డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇక నీ తప్పులు. మూడో భాగంలో నీ డిటెక్టివ్ 'బంగారు సేనాని' పావును తిరగేసి, వెనకున్న అక్షరం చూసి గుట్టు పట్టేస్తాడు. ఒరేయ్, తిరగేస్తే హోదా పెరిగే పావులకే వెనక అక్షరం, బంగారు పావుకు ఉండదు! పావులు చెక్కినవాడి కొడుకువి. వృత్తి ఆటగాడివి కావాలని ఇరవై ఆరేళ్ళు నిండేదాకా టోక్యోలో దేవులాడినవాడివి. సిగ్గులేదూ? నాన్న ఉంటే టీవీ మీద ఉలి విసిరేవాడు.

సరే, మూడోది. "నాన్న ఆఖరున ఏమన్నాడో నిజం చెప్పు, ఆ మాట లేకుండా చివరి సన్నివేశం రాయలేకపోతున్నాను" అన్నావు. నీకు నాన్న మాట కావాలా, సన్నివేశం కావాలా?

ఇరవై రెండేళ్ళుగా నీకు ఒకటే చెబుతున్నాను: "వాడి ఆట అయ్యేదాకా కబురు పెట్టొద్దు" అన్నాడని. అది నీకు ఆఖరి అవకాశం. గెలిస్తే వృత్తి ఆటగాడివి, ఓడితే వయసు దాటిందని ఇంటికి. ఓడిపోయావు. అప్పుడు ఫోన్ చేశాను. నువ్వొచ్చేసరికి నాన్న శవపేటికలో ఉన్నాడు. "నాన్న అలా అనడు" అని అందరిముందూ నా ముఖాన అన్నావు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

నాన్న అలా అనలేదు.

ఆయన అన్నది ఇది: "వాణ్ణి పిలు. ఆట పోతే పోనీ." నాలుగు రోజులు అదే మాట. "బయల్దేరాడు నాన్నా" అని నాలుగు రోజులూ అబద్ధమాడాను. ఫోన్ పక్క గదిలోనే ఉంది.

ఇసోనోగారు అనుకుంటున్నట్టు నీ మంచికోసం కాదు. నీ హంతకురాలిది అసూయ అని రాశావు చూడు, ఆ ఒక్కటీ సరిగ్గా రాశావు. నాకు పన్నెండేళ్ళప్పుడు నువ్వు బల్ల ముందుకొచ్చి కూర్చున్నావు. "తోమొయె, నువ్వెళ్ళి టీ పెట్టు" అన్నాడు నాన్న. అంతే, నా ఆట అయిపోయింది. జబ్బుపడ్డాకే మళ్ళీ నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. మూడు నెలలు రోజూ ఆడాం. నువ్వొస్తే నేను మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాలి. వెళ్ళదలుచుకోలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆడాం. అప్పటికి ఆయనకు చూపు లేదు, అక్షరాలు వేలితో తడిమి ఆడుతున్నాడు. నా గుర్రాన్ని ఆయన రాజుకు గురిపెట్టి దించాను. చాలాసేపు తడిమాడు. తర్వాత తల వంచి, "ఓడిపోయాను" అన్నాడు. నా జన్మలో ఆయన నాతో ఆ మాట అనడం అదొక్కసారే. నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి చాచి నా తల నిమిరాడు.

"బాగా ఆడావురా, కియొహారూ. ఇక చాలు, ఇంటికొచ్చెయ్."

నువ్వు కాదు, నేనని చెప్పలేదు. తెల్లారి పోయాడు.

ఇదీ నువ్వడిగిన మాట. నీకోసం అన్నది, తీసుకో. నన్ను క్షమించమని అడగను, నిన్ను క్షమించానని అనను. నీ చివరి భాగంలో ఆ మాట ఎవరిచేత చెప్పించుకుంటావో నీ ఇష్టం. కానీ ఆ గుర్రం ఎత్తు వేసింది నేను. అది ఇంకెవరి చేత వేయించినా ఊరుకోను.

ఇట్లు,
నాన్న కూతురు,
తోమొయె