ఒక్క వేలు ఎత్తగలిగేలా

వెర్లిన్,

మా చెల్లెలి కారులో చర్చికి వెళ్తున్నా, పికప్ ట్రక్కు నీకే వదిలాను. తాళాలు గుడ్ల బుట్టలో ఉన్నాయి. మధ్యాహ్నం పట్నం తీసుకెళ్లి షాక్ అబ్జార్బర్లు, టైర్లు మార్పించెయ్.

కొట్టువాడు బరువులు మోసే గట్టి షాకులు అంటగట్టబోతాడు. మొహమాటపడి తలూపకు. ఆవుల్ని అమ్మేశాక ఆ బండి మోసేది నన్నూ, నా గుడ్లనీ. ఖాళీ బండిలో కూడా కుదుపు తెలియని షాకులు అడుగు. లారీ టైర్లలాంటి మందపువి వద్దే వద్దు. గాలి మాత్రం టైరు మీద ఉన్న అంకె దాకా కొట్టించకు, డ్రైవరు తలుపు అంచున అంటించిన అంకె చూసుకో. పోయినసారి నువ్వు చేసిన ఘనకార్యం నా నడుముకింకా గుర్తుంది.

నడుము సంగతి అలా ఉంచు. నెబ్రాస్కాలో పుట్టాక, ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగు మీంచి ఓ వేలెత్తి పలకరించాల్సిందే కదా! మన కంకర రోడ్డు మీద ఆ కుదుపులకి రెండు చేతులా పట్టుకోకపోతే బండి పక్క గోతిలోకి పోతుంది. ఇక వేలెక్కడ ఎత్తను? పోయిన ఆదివారం, దారిలో తనకి వేలెత్తలేదని లవీనా నన్ను చర్చి మెట్ల మీదే నిలదీసింది: "ఏం ఆర్డిస్, ఆవులమ్మగానే కళ్లు నెత్తికెక్కాయా?"

పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసుంది, వేడిచేసుకో.

ఆర్డిస్

తా.క. నిన్న ట్రాక్టరు మీద ఎదురొచ్చింది నువ్వేనని చూశానులే. వేలెత్తలేదని రాత్రి భోజనాల దగ్గర మూతి ముడుచుకు కూర్చున్నావు. సరైన షాకులు వేయించుకురా, రేపు నీకు చెయ్యంతా ఊపుతా.