తూకానికి ముందు నీళ్లు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున నీ కూతురు లావణ్య కె.ఆర్.పురం మైదానంలో కబడ్డీ సెలెక్షన్‌కి వెళ్లింది. బరువు పరిమితి దాటితే పిల్లల జట్టులోకి తీసుకోరని నీకు తెలుసు. నేను వెళ్లేసరికి అది ఎండలో స్వెటర్ మీద రెయిన్‌కోటు తొడుక్కుని పరిగెత్తుతోంది. పెదాలు ఎండి పగిలాయి. నీళ్ల సీసా ఇస్తే తోసేసింది.

"తూకమయ్యేదాకా వద్దు చిన్నాయనా. నిన్నట్నుంచి తాగలే."

నాకు ఒళ్లు మండింది. బాల్యాన్ని పతకాలకు తాకట్టు పెట్టే వ్యవస్థ గురించి కరపత్రాల్లో చదివినదంతా కోచ్ మీద కుమ్మరించాను.

"నేను చెప్పలేదప్పా," అన్నాడాయన. "తాగమంటే వినదు. పాపనే అడుగు."

"నాయన ఇట్లే చేస్తా ఉండె. నేను చూసినా," అంది లావణ్య.

పోటీలకి ముందు నువ్వు దుప్పటి కప్పుకుని చెమటలు కక్కుతుంటే ఇంట్లో అందరం దాన్ని పట్టుదల అన్నాం.

దాని బరువు సరిపోయింది. ఆడింది, జట్టులోకి ఎంపికైంది. నువ్వు పోయాక అది అంతగా నవ్వగా నేను చూడలేదు. ఆట మాన్పించమని వదినకి ఎలా చెప్పను? నీళ్లు తాగమని నేను చెబితే వినదు. చెప్పాల్సింది నువ్వే.