పగటిపూట అరవై డిగ్రీలు

నేపర్‌విల్,
ఆదివారం

ప్రియమైన అక్కకి,

చలేస్తోందని చెప్పడానికి మన ఇంటి ఆడవాళ్లకు ఎందుకక్కా అంత మొహమాటం? ఏళ్లుగా నిన్ను అడగాలనుకుంటున్న మాట ఇది. ఫోనులో అడుగుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీరంతా కులాసాయే కదా? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అమ్మా బాగానే ఉంది. నువ్వేమీ కంగారుపడకు.

మంచు విడవకుండా పడుతోంది. మొన్న డిసెంబరులో ఇంటి హీటింగ్‌కి కొత్త థర్మోస్టాట్ పెట్టించాం. ఏ వేళకు ఎంత వేడి ఉండాలో చెబితే అదే చూసుకుంటుంది. మీ మరిది ఆ పని నాకు వదిలేశారు. దానితో వచ్చిన పుస్తకమంతా చదివి శ్రద్ధగా పెట్టాను. మనుషులున్నప్పుడు అరవై ఎనిమిది, రాత్రి దుప్పట్లుంటాయి గనుక అరవై నాలుగు, తొమ్మిది నుంచి అయిదు దాకా ఇంట్లో ఎవరూ ఉండరు గనుక అరవై. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో అరవై అంటే మన పదిహేను డిగ్రీలు, స్వెట్టరు వేసుకున్నా కాళ్లు జివ్వుమంటాయి. మీ మరిది మెచ్చుకున్నారు కూడా.

మూడు వారాలు గడిచాక, మొన్న మంగళవారం పొద్దున కుళాయిలో వేడినీళ్లు రాలేదు. మెకానిక్ మధ్యాహ్నం వస్తానంటే ఆఫీసు నుంచి వచ్చాను. తలుపు తీస్తే లోపలా చలే. అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, నువ్విచ్చిన శాలువా కప్పుకుని, పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. పప్పు ఉడుకుతోందని కూర్చున్నానంది. కుక్కర్ ఎప్పుడో చల్లారిపోయి ఉంది.

మెకానిక్ బేస్‌మెంట్‌లోంచి వచ్చి, నీళ్లు కాచే ట్యాంకు మీట ఎవరో పూర్తిగా తగ్గించేశారన్నాడు. అమ్మ వెంటనే ఒప్పేసుకుంది.

"నేనే ఆర్పానే. రాత్రి అందరి స్నానాలూ అయ్యాయిగా, గీజరు ఊరికే ఎందుకు మండాలి? అల్లుడిగారికి బిల్లు కాదూ?"

ఆర్పడానికి లేని మొహమాటం వెలిగించమనడానికి వచ్చిందక్కా. అమ్మ మాట మెకానిక్‌కి చెబితే నవ్వాడు. గోడ మీది థర్మోస్టాట్ చూసి, చక్కగా పెట్టుకున్నారని మెచ్చుకుని, పగలు ఇంట్లో ఎవరూ ఉండరన్నమాట, అన్నాడు. "ఉండరు," అన్నాను. అలవాటుగా వచ్చేసింది. వెనక్కి తిరిగితే అతని కోసం కాఫీ కప్పు పట్టుకుని అమ్మ. ఆ మాత్రం ఇంగ్లీషు అమ్మకు తెలుసు.

అతను వెళ్లాక వేడి డెబ్బై రెండుకు పెంచి, చలేస్తోందని ఎందుకు చెప్పలేదని అమ్మను అడిగాను.

"అల్లుడింట్లో కూర్చుని చలీ వేడీ అని వంకలు పెడతామటే? నీ పద్ధతేదో నీకుంటుందిలే అనుకున్నా."

కోపం లేదు. చారు పెట్టింది, నవ్వింది. ఆ సాయంత్రమే, ఉగాది దాకా ఎందుకు, తిరుగు టికెట్ ముందుకు జరిపించమంది.

అప్పటినుంచి వేడి తగ్గించలేదు. మీ మరిది బనీనుతో తిరుగుతున్నారు, ఏమీ అనరు. అమ్మ మాత్రం ఆ క్యాప్ తీయదు. తీయమంటే అలవాటైపోయిందే అంటుంది. ఆఫీసులో కూర్చుని ఇంట్లో ఎన్ని డిగ్రీలుందో ఫోనులో పదిసార్లు చూసుకుంటున్నాను. అంతకంటే ఏం చేయాలో తోచడం లేదు.

అమ్మ నీతో ఏమైనా అందా? అంటే రాయి. అనకపోతే నువ్వు కదిలించకు. బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు పెద్దదానివి, నన్ను దీవించు. ఈసారి ఆ దీవెన అవసరం ఎక్కువగానే ఉంది.

టికెట్ సంగతి ఇంకా ఏమీ చేయలేదు. మరిచిపోయి ఉంటే, తప్పయిందమ్మా, ఉండు అని అడగగలను. కానీ డిసెంబరులో ఆ రోజు నేను థర్మోస్టాట్ మీద "ఎవరూ ఉండరు" అని నొక్కుతున్నప్పుడు అమ్మ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మరిచిపోయానో, ఉన్నా లేనట్టే అనుకున్నానో, నాకు ఇంకా తేలడం లేదక్కా.

నీ చెల్లెలు,
మాధవి